వెనక గోడ

నేను గదుల నోరు మూయించే పని చేస్తాను. ఏం పని అని ఎవరైనా అడిగితే ఇట్లాగే చెబుతాను. నవ్వుతారు, నవ్వనీ. కామారెడ్డిలో నాకో చిన్న దుకాణం ఉంది. మొదట్లో ఇళ్ళకు పీఓపీ సీలింగులు చేసేవాణ్ణి. మెల్లగా ఫంక్షన్ హాళ్ళ వాళ్ళు, బడుల వాళ్ళు రావడం మొదలైంది. "అన్నా, మా హాలు గుయ్యిమంటున్నది, మాట సమజైతలేదు, ఏమన్న జెయ్యి" అని. అట్లా చేస్తూ చేస్తూ నేర్చుకున్న పని ఇది, చదివి నేర్చుకున్నది కాదు.

ఏ గదిలోకి వెళ్ళినా ముందు నడుమ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడతాను. చప్పుడు తిరిగొచ్చే తీరును బట్టి తప్పు ఏ గోడదో చెప్పేస్తాను. పక్క గోడలు రెండూ నున్నగా ఎదురెదురుగా ఉంటే చప్పుడు వాటి మధ్య టపటపా కొట్టుకుంటుంది. దూరంగా ఉన్న వెనక గోడ బోసిగా ఉంటే, మనం కొట్టిన చప్పట్లనే కాస్త ఆలస్యంగా తెచ్చి మన మొహాన కొడుతుంది. బట్టకు, పరుపుకు, మందపాటి పరదాకు చప్పుడును మింగే గుణం ఉంది. గ్రానైటుకు, అద్దానికి, పుట్టీ పెట్టిన గోడకు లేదు. ఇంతే సంగతి.

ఈ ఇంత సంగతి మావాళ్ళ తలకెక్కదు. మావాళ్ళకు హాలంటే మోగాలి. దోమకొండ దిక్కు ఒక పెద్దమనిషి హాలు కట్టించి, ఖాళీగా ఉన్నప్పుడు లోపల నిలబడి "ఓయ్" అని అరిచాడు. అది మూడుసార్లు పలికేసరికి మురిసిపోయాడు. "గుంబజ్ లెక్క మోగుతున్నది సూడు" అని నాతోనే అన్నాడు. తీరా పెళ్ళినాడు అయ్యగారి మంత్రం ఏదో, వంటవాళ్ళ కేక ఏదో ఎవరికీ తెలియలేదు. అప్పుడైనా నన్ను పిలిచాడా? ఎవరో చెప్పారని గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించాడు. గుడ్ల అట్టలు శబ్దాన్ని ఆపుతాయట, వాడి తలకాయ! శబ్దం ఆగలేదు, వాటి వెనక బల్లులు మాత్రం కాపురం పెట్టాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా పని నాకు బాగా తెలుసని మీరు ముందే నమ్మాలి. తెలియక చేశాను అనే సాకు నాకు లేదు.

నాకొక తమ్ముడున్నాడు, నాకన్నా రెండేళ్ళు చిన్న. వాడికి నత్తి. ఏదో కాస్త తడబడే నత్తి కాదు. మాట పెదవుల దగ్గర అడ్డం పడి, మెడ నరాలు తేలి, కళ్ళు మూసుకుపోయే నత్తి. అన్నిటికన్నా వాడికి కష్టమైన మాట వాడి సొంత పేరు. వేరే మాటైతే పక్కకు తప్పుకోవచ్చు. నీళ్ళు అనడం రాకపోతే దూపైతుంది అని గడుపుకోవచ్చు. పేరుకు బదులు ఏముంటుంది? అందుకే ఆ పేరు నేనూ ఇక్కడ రాయను.

మాది ఎల్లారెడ్డి పక్కన ఒక ఊరు. అమ్మను మేము అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. చిన్నప్పుడు అవ్వ వాడి నాలుకకు వస అరగదీసి రాసింది. బాపు ఎవరో చెప్పిన మాట పట్టుకొని, వాడి మాట ఆగినప్పుడల్లా వీపు మీద చరిచేవాడు. ఏ మందూ పనిచేయలేదు. ఒక ఎండకాలం వాడు పెరట్లో ఖాళీ గోలెంలో తల పెట్టి మాట్లాడుకోవడం చూశాను. నీళ్ళు పట్టి పెట్టుకునే పెద్ద సిమెంటు తొట్టి అది. లోపల గొంతు బోలుగా మోగుతుంది. అందులో వాడి మాట ఎక్కడా ఆగకుండా పోతోంది. నేను ఒక రాయి తీసుకొని గోలెం మీద బలంగా కొట్టాను. వాడు చెవులు మూసుకొని వెల్లకిలా పడిపోయాడు. రెండు రోజులు చెవుల్లో రొద అని ఏడ్చాడు. ఎందుకు కొట్టినవురా అని అవ్వ అడిగితే ఉత్తగనే అన్నాను. నిజంగా ఉత్తగనే కొట్టాను.

తర్వాత వాడి నోరు నేనే అయ్యాను. అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే మా బడిలో వాడి హాజరు నేనే పలికాను. బస్సులో వాడి టికెట్టు నేనే అడిగాను. పెళ్ళిచూపుల్లో అవతలివాళ్ళ ప్రశ్నలన్నిటికీ నేనే జవాబులు చెబుతుంటే, పిల్ల తండ్రి ఆగలేక "పెండ్లి ఎవలికి బిడ్డా, నీకా ఆయనకా" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు, వాడు కూడా నవ్వాడు. వాడు నోరు తెరవడం, నేను పూర్తి చేయడం, ఇదే మా ఇద్దరి మాట. చాలాసార్లు వాడు అనాలనుకున్నది అది కాదని నాకు తెలిసేది. అయినా పూర్తి చేసేవాణ్ణి, వాడు తల ఊపేసేవాడు. అన్న లేకపోతే వీడు లేడు అని ఊరంతా అనేది. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉండేదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మొన్న పంచాయతీ ఎన్నికల్లో వాడు సర్పంచ్‌గా గెలిచాడు. ఇందులో వింతేమీ లేదు. ఎవరి మోటరు కాలినా, ఎవరిని దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చినా ముందు వెళ్ళి నిలబడేది వాడే. ప్రచారంలో మాటలన్నీ నేనే మాట్లాడాను. వాడు నా పక్కన చేతులు జోడించి నిలబడ్డాడు. "గెలిస్తే ప్రమాణం ఎవలు జేస్తరు, అన్ననా?" అని ఎదుటివాళ్ళు ఎగతాళి చేశారు. నేను పళ్ళు కొరికాను. వాడు మాత్రం తల దించుకొని విన్నాడు.

ప్రమాణం సంగతి మీకు తెలిసే ఉంటుంది. మొదలయ్యేదే పేరుతో. ఒక ఖాళీ గీత, దాని పక్కన "అను నేను". ఆ గీత మీద ఎవరి పేరు వాళ్ళు పెట్టుకొని చదవాలి. నలభై ఏళ్ళు దాటిన నా తమ్ముడు పుట్టినప్పటి నుంచి ఆ గీత దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

గెలిచిన మర్నాడు నేను కామారెడ్డికి బండి తీస్తుంటే వాడు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. మాట కోసం చాలాసేపు పెనుగులాడాడు.

"అన్నా… ప్ర… ప్రమాణం నేనే స… సదువుత. నువ్వు ప… పక్కన నిలబడకు. మై… మైకు గూడ వద్దు."

"మైకు లేకుంటే ఎట్లరా? ఎవలకు వినపడతది?"

"నాకు… వినపడితే సాలు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకొని మోసినవాణ్ణి, పక్కన నిలబడొద్దా? వీడికి అప్పుడే సర్పంచ్ పొగరు ఎక్కిందా అనుకున్నాను. సరే తియ్ అని బండి స్టార్ట్ చేశాను.

పంచాయతీ ఆఫీసు ఒక్క గది కాబట్టి ప్రమాణం ఊరి కమ్యూనిటీ హాల్లో పెట్టారు. ఆ హాలు అరవై అడుగుల పొడుగు. పైన రేకులు, కింద నున్నటి బండలు. వేదికకు ఎదురుగా, ఆ చివరన ఒక్క కిటికీ కూడా లేని నిలువెత్తు గోడ. దానికి పుట్టీ పెట్టి నూనె రంగు పూశారు. అక్కడ ఎవరు మాట్లాడినా మాట మీద మాట పడి గజిబిజి అయ్యేది. తమ్ముడు ఏమన్నా అననీ, వాడి మొదటి మాట ఊరికి తేటగా వినపడాలి, ఆ హాలును బాగుచేసి ఇస్తాను అనుకున్నాను. అప్పటికి నా మనసులో వేరే ఏమీ లేదు. ఆ మాత్రం నమ్మండి.

ప్రమాణానికి నాలుగు రోజుల ముందు, పొద్దున్నే, కొలతల టేపు జేబులో వేసుకొని హాలు దగ్గరికి బండి మీద వెళ్ళాను. హాలు ఊడ్చే పెద్దావిడ మెట్ల మీద కూర్చొని ఉంది. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ఆగు పటేలా. లోపల సర్పంచ్ పటేలు సదువుకుంటున్నడు. దినాం వస్తడు. ఎంత మంచిగ మాట్లాడుతడో, నేను ఇక్కడ కూసోని ఇంటుంట."

నేను నవ్వాను. మంచిగా మాట్లాడటం? మా వాడా? తలుపు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను.

ముందు వాడి పేరు వినిపించింది. ఇంటిపేరుతో సహా, ఒక్క పట్టున. తర్వాత "అను నేను". తర్వాత రాజ్యాంగం, విశ్వాసం, విధేయత, ఆ పెద్ద పెద్ద మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి, గట్టిగా, నిబ్బరంగా. నలభై ఏళ్ళలో వాడి గొంతు అసలు ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అచ్చం బాపు గొంతు.

ఎందుకిట్లా అయిందో నాకు వెంటనే అర్థమైంది. తలుపు సందులోంచి చూస్తే, వాడు వేదిక మీద వెనక గోడకు ఎదురుగా నిలబడ్డాడు. వాడి ప్రతి మాటా ఆ గోడకు తగిలి, చిటికె సేపు ఆలస్యంగా వాడి చెవికే తిరిగొస్తోంది. ఇంకెవరో తనతో కలిసి చదువుతున్నట్టు వాడు సాగిపోతున్నాడు. బడిలో అందరితో కలిసి ఎక్కాలు చెప్పేటప్పుడు వాడికి నత్తి వచ్చేది కాదు. ఇదీ అదే. మామూలు మనిషిని తికమక పెట్టే ఆ ప్రతిధ్వని నా తమ్ముణ్ణి చెయ్యి పట్టి నడిపిస్తోంది. మైకు ఎందుకు వద్దన్నాడో, నాకు వినపడితే సాలు అని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది.

నాకు కళ్ళలో నీళ్ళు రావాలి. తలుపు తోసుకొని వెళ్ళి వాణ్ణి కావలించుకోవాలి. కానీ నాకు కడుపు మండింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, కడుపు మండింది. ఈ గొంతు ఉన్నవాడికి ఇక నేనెందుకు? రేపు గ్రామసభలో వాడే మాట్లాడతాడు, ఆఫీసర్లతో వాడే మాట్లాడతాడు, ఊళ్ళో నా మొహం ఎవరు చూస్తారు? ఒక బోడి గోడ నాలుగు రోజుల్లో ఇచ్చింది, నేను నలభై ఏళ్ళు పక్కన నిలబడి ఇవ్వలేకపోయాను. ఆ కోపం తమ్ముడి మీదో, గోడ మీదో, నా మీదో నాకే తెలియలేదు. లోపలికి వెళ్ళకుండానే బండి తిప్పుకొని వచ్చేశాను.

ప్రమాణానికి ముందురోజు వాడు కాగితాల పని మీద ఎల్లారెడ్డి వెళ్ళాడని తెలుసుకొని, నలుగురు పనివాళ్ళతో, ఒక ఆటో ట్రాలీ నిండా సామానుతో ఊళ్ళో దిగాను. బీబీపేటలో ఒక పని ఒప్పుకొని ఉంటే దాన్ని కూడా ఆపేసి వచ్చాను. వెనక గోడకు కింది నుంచి పైదాకా చెక్క చట్రం కొట్టించి, లోపల చప్పుడును మింగే గాజు దూది, గ్లాస్‌వూల్ దట్టించి, మీద ఎర్రటి మందపాటి బట్ట బిగించాను. పక్క గోడలకు పరదాలు వేలాడదీశాను. కింద తివాచీ పరిపించాను. చీకటి పడకముందే పని అయిపోయింది. నడుమ నిలబడి చప్పట్లు కొట్టాను. ఏమీ తిరిగి రాలేదు. అంత శుభ్రంగా కుదిరిన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

ఊడ్చే పెద్దావిడ చీపురు పట్టుకొని ఆ గోడ వైపే చూస్తోంది.

"మంచిగున్న గోడకు ఏం రోగమచ్చింది పటేలా? సర్పంచ్‌కు జెప్పినవా?"

"నీ పని ఊడ్సుడు. ఊడ్సుకో పో" అన్నాను.

ఊరి పెద్దలు వచ్చి బట్టను తడిమి చూసి, "పెండ్లి పందిరి లెక్కున్నది, అన్నంటే గిట్లుండాలె" అని మెచ్చుకున్నారు. "మా తమ్ముని మాట చివరి మనిషిదాకా వినపడాలె గదా" అన్నాను. ఎంత చక్కగా అన్నానంటే ఆ పూటకు నేను కూడా నమ్మాను.

మర్నాడు హాలు కిక్కిరిసింది. తమ్ముడు తెల్ల అంగీ వేసుకొని, మెడలో దండతో వచ్చాడు. ఎర్ర బట్ట గోడను చూసి ఒక్క క్షణం ఆగాడు. ఊరు తన కోసం చేసిన అలంకారం అనుకున్నాడేమో, నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మ… మంచిగున్నదన్నా" అన్నాడు. నేను వాడి భుజం తట్టి పంపించి, మొదటి వరుసలో అవ్వ పక్కన కూర్చున్నాను.

మండలం నుంచి వచ్చిన ఆఫీసరు కాగితం చేతికిచ్చాడు. తమ్ముడు మైకు పక్కకు జరిపించాడు. గోడకు ఎదురుగా నిటారుగా నిలబడి, ఊపిరి తీసుకొని, తన పేరులోని మొదటి అక్షరం అన్నాడు. అది తిరిగి రాలేదు. వాడు తల ఎత్తి గోడ వైపు చూశాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ రాలేదు. అంతే, పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరాలు లేచాయి, కళ్ళు మూసుకుపోయాయి.

పాత హాలైతే కనీసం ఆ గుయ్యిమనే రొదలో వాడి అవస్థ సగం కలిసిపోయేది. నేను హాలును అద్దంలా తుడిచి పెట్టాను. విరిగిన ప్రతి ముక్కా చివరి వరుసదాకా వెళ్ళింది. గుటక మింగిన చప్పుడు కూడా వినిపించింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, అదీ తేటగానే వినిపించింది. "నిదానంగా చెప్పండి, తొందరేం లేదు" అని ఆఫీసరు అన్నాడు. వాడు ఆ ఒక్క అక్షరంతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను లేచి నిలబడ్డాను. వాడి పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా పలికి, "అను నేను" అన్నాను.

హాలు గొల్లుమంది. చప్పట్లు కొట్టారు. "సర్పంచ్ ఎవలే, అన్ననా తమ్ముడా?" అని ఒకడు అరిచాడు. "మీరు కాదండీ, ఆయన చెప్పాలి" అంటూ ఆఫీసరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరికి జాలిపడి సంతకం చాలన్నాడు. తమ్ముడు కాగితం మీద సంతకం పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వేదిక దిగాడు. ఆ నవ్వులో, ఆ చప్పట్లలో ఒక్క నిమిషం నాకు హాయిగా అనిపించింది. చల్లటి నీళ్ళు తాగినట్టు. దాన్ని దాచను.

వెనక గోడకు కొట్టిన ఆ బట్ట బోర్డులు తీసేయనా అని నేను వాణ్ణి అడగలేదు. అడిగితే ఎందుకు పెట్టావో చెప్పాల్సి వస్తుంది. వాడూ అడగలేదు. పొద్దున హాలుకు వెళ్ళడం మానేశాడని మరదలు చెప్పింది. అప్పటి నుంచి గ్రామసభ పెట్టినప్పుడల్లా నాకు కబురొస్తుంది. వాడు కాగితం మీద రాసి ఇస్తాడు, నేను ముందు చూసుకోకుండానే గడగడా చదివేస్తాను. వాడి రాత గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉంటుంది. ఊళ్ళో నాకు మర్యాద పెరిగింది. టీ ముందు నాకే ఇస్తారు.

మొన్నటి సభలో రెండు కాగితాలు ఇచ్చాడు. మొదటిదాంట్లో వీధి దీపాలు, మురికి కాలువ, నల్లా నీళ్ళు. చదివేసి రెండోది పైకి తెచ్చి అదే ఊపులో అందుకున్నాను. "హాలుకు బోర్డులు కొట్టించి మంచిగ చేసినందుకు మా అన్నకు ఊరి తరఫున దండాలు." సభ చప్పట్లు కొట్టింది. నేను నవ్వుతూ నమస్కారం పెట్టి కింది వాక్యంలోకి వెళ్ళిపోయాను.

"ఆ పొద్దుగాల నీ బండి సప్పుడు ఇన్ననన్నా. నువ్వు తలుపు కాడ నిలబడ్డవని నాకు ఎర్కే. నీకు వినపడాలెననే గట్టిగ సదివిన."

ఆగాల్సింది. నా నోటికి ఆగే అలవాటు లేదు. చివరి మాటదాకా, ఎక్కడా తడబడకుండా, నా గొంతుతోనే చదివాను. చివరి వరుసదాకా అందరికీ వినిపించింది. కొందరు ఇంకా ఏముందోనని ఎదురుచూశారు. అవ్వ నా మొహం వైపు చూస్తూ ఉంది.

తమ్ముడు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపాడు. నా వేళ్ళ మధ్య నుంచి కాగితం తీసుకొని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇ… ఇగ… సాలన్నా" అన్నాడు.